ప్రేమ: మాట ఒకటి, అర్థములు పెక్కు
(సంఘ వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠము)

 

1945లో రైలింజన్లు చేయుటకై వెలసిన టెల్కో, 1954 నుండి లారీలు చేయసాగినది. 2003లో టాటా మోటార్స్ అని పేరు మార్చుకొన్నది. మనము మాత్రము నేటికిని దీనిని టెల్కో కాలనీ అనియే పిలుచుకొనుచున్నాము. పేరు నిలిచినది, లోపలి పని మారినది. ‘ప్రేమ’ అను మాట చరిత్రయు ఇట్టిదే.

శాతవాహనుల నాడు హాలుడు ప్రాకృతమున కూర్చిన గాథాసప్తశతిలో ప్రేమ పల్లె బ్రతుకులో ఒక భాగము. దానికి బిడియము తక్కువ. ఉపదేశము అసలే లేదు. నన్నయ భారతమున దమయంతి దేవతలను కాదని నలుని వరించినది. 16వ శతాబ్దిలో పెద్దన వరూధిని తన కోరికను దాచుకొనక పలికినది. ప్రవరునికి మాత్రము ఇల్లు చేరు తొందరయే. ఆడుది తన ఇష్టమును తన నోట చెప్పుట ఆనాటి కావ్యములకు కొత్త కాదు.

18వ శతాబ్దిలో తంజావూరి కవయిత్రి ముద్దుపళని ‘రాధికాసాంత్వనము’ రచించినది. 1910లో బెంగుళూరు నాగరత్నమ్మగారు దానిని అచ్చు వేయింపగా, అశ్లీలమని ప్రభుత్వము నిషేధించినది. ప్రకాశం పంతులుగారు మదరాసు ప్రభుత్వమునకు నాయకులైన నాడు గాని ఆ సంకెల వీడలేదు. పురుషుడు వ్రాసిన శృంగారము, స్త్రీ వ్రాసినచో అశ్లీలమైనది!

కావ్యముల మాట అట్లుండ, 19వ శతాబ్దిలో పెక్కు ఇండ్లలో పసిపిల్లలకు వెలకట్టి ముదుసళ్లకిచ్చుచుండిరి. 1881 డిసెంబరు 11న వీరేశలింగముగారు రాజమహేంద్రవరమున తొలి వితంతు వివాహము జరిపించిరి. 1892లో గురజాడవారి ‘కన్యాశుల్కము’ రంగమెక్కినది. ప్రేమ మాట అటుంచి, ముందు ఆడపిల్లను మనిషిగా చూడుడని ఆ మహనీయులు మనకు నేర్పిరి. పిదప రాయప్రోలువారు ప్రేమను దేహమునకు అతీతమైన స్నేహముగా నిలిపిరి. నండూరివారు దానిని ఎంకి, నాయుడుబావల పల్లె బ్రతుకుననే కనుగొనిరి.

1954 నాటి ప్రత్యేక వివాహ చట్టము, ఎవరి మతమును వారు విడువకుండగనే, ఇరువురి ఇష్టముతో వివాహమాడవచ్చునన్నది. శాసనము ఒప్పుకొన్నది. మన ఇండ్లు ఒప్పుకొన్నవా? ఇచ్చట మన పిల్లలు బెంగాలీ, ఒడియా, హిందీ పిల్లలతో కలిసి పెరుగుచున్నారు. ఒకనాడు మా అమ్మాయి తన మనసులోని మాట చెప్పగా, “మనవాడేనా?” అను ప్రశ్నయే నా నోట మొదట వెలువడినది. “దమయంతి కథ చెప్పినది మీరే కదా, నాన్నగారూ!” అన్నది. బదులు చెప్పలేకపోతిని.

కథలో మెచ్చుకొన్నదానిని ఇంటిలో మన్నింపగలమా? ఆ బదులు వెదకుచునే నేడు మీ యెదుట నిలిచితిని.