బిస్కత్తు పొట్లము – పోషణ పద్దు
(గ్రంథాలయ రజతోత్సవ సభలో చేసిన ఉపన్యాసము)



రజతోత్సవ సభలయందు విద్యామహిమను గుఱించియో, పుస్తక ప్రాశస్త్యమును గుఱించియో ప్రసంగించుట ఆచారము. నేనును చదువును గుఱించియే మాటలాడెదను. అయితే నేడు నేను చేతబట్టిన గ్రంథము మీరందఱు దినదినము చింపి పాఱవేయునదే. అది బిస్కత్తు పొట్లముపైని కాగితము. గ్రామపు లెక్కలు వ్రాయుట నా వృత్తి. అంకెలు కనబడినచోట కూడి చూడనిదే నాకు తోచదు.

రొళ్లనుండి మడకశిర వఱకు, గట్టు దాటి శిర వఱకు, ఏ చిల్లర యంగడి చూచినను ఈ పొట్లములు తోరణములవలె వ్రేలాడుచున్నవి. బడికి పోవు బిడ్డకు ప్రొద్దుటి యాహారము చాయయు బిస్కత్తును. పాలు విడుచు పసివానికి చాయలో నానిన బిస్కత్తు. జ్వరపడిన ముసలమ్మకు బిస్కత్తు. ఇట్లు భోజనస్థానమును ఆక్రమించిన వస్తువు పద్దును ఒకసారి తనిఖీ చేయుట న్యాయము కదా!

ఈ వస్తువు చరిత్ర చిన్నది కాదు. బిస్కత్తు అను మాటకు లాటిన్ మూలమున ‘రెండుమార్లు కాల్చినది’ అని యర్థము. ఓడలమీద పోవువారికి చెడక నిలుచు రొట్టె యది. 1892లో కలకత్తాలో రూ.295 పెట్టుబడితో ఆరంభమైన చిన్న వ్యాపారమే బ్రిటానియా సంస్థ. 1929లో బొంబాయి విలేపార్లేలో పార్లే సంస్థ వెలసినది. గ్లూకోజు బిస్కత్తును దేశమునందలి మాఱుమూల పల్లెలకు గొనిపోయినది ఆ సంస్థయే.

ఇక పద్దు చూతము. సామాన్యముగా దొరకు గ్లూకోజు బిస్కత్తు 100 గ్రాములలో పిండిపదార్థములు పంచదారతో కలిసి సుమారు 77 గ్రాములు, మాంసకృత్తులు 7, క్రొవ్వు 13. పిండిపదార్థములకును మాంసకృత్తులకును గ్రామునకు 4 కిలో క్యాలరీలు, క్రొవ్వునకు 9. హెచ్చవేసి కూడిన 308, 28, 117, మొత్తము 453. కాగితముపై సుమారు 450 అని యుండును. కావున లెక్కలో మోసము లేదు. తిరకాసంతయు ఉపపద్దులో నున్నది. ఆ 77లో పంచదారయే సుమారు 25 గ్రాములు, అనగా ఆఱు చిన్న చెంచాలు. పంచదార యిచ్చు 100, క్రొవ్వు ఇచ్చు 117 కలిపిన, శక్తిలో దాదాపు సగము ఆ రెంటినుండియే వచ్చుచున్నది.

ఆ అంకెలప్రక్కనే దినుసుల జాబితా ఉండును. బరువునుబట్టి ఎక్కువైనది ముందును, తక్కువైనది వెనుకను వ్రాయవలెనని మనదేశపు నియమము. మొదట గోధుమపిండి, అది తవుడును, మొలకయు తీసివేసిన మైదా. రెండవది పంచదార. మూడవది పామాయిలు; దాని క్రొవ్వులో దాదాపు సగము, గుండెకు హితము కాని సంతృప్త జాతిది. పొట్లముపై పొంగి పొరలునట్లు చిత్రించు పాలు, జాబితాలో సోడా మొదలగు వాని సరసన ఎక్కడనో పొడిరూపమున కనబడును. బొమ్మకు ముందు స్థానము, వస్తువునకు వెనుక స్థానము! గ్లూకోజు అను బిరుదము గల ఈ బిస్కత్తులోని తీపిలో అధికభాగము మన యింటి పంచదారయే.

ఎంత తినిన దోషము లేదు? చరకసంహిత సూత్రస్థానమున ఆహారమాత్రను గుఱించియే ‘మాత్రాశితీయము’ అని యొక అధ్యాయము కలదు. ఆ ప్రశ్నకే ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో అంకెలతో బదులు చెప్పినది. దినపు శక్తిలో చేర్చిన చక్కెరల పాలు పదవవంతు మించరాదు. ఇరువదవవంతులో నిలిపిన మఱియు మేలు. అయిదేండ్ల బిడ్డకు దినమునకు సుమారు 1,360 కిలో క్యాలరీలు కావలెను. పదవవంతనగా 34 గ్రాముల చక్కెర, ఇరువదవవంతనగా 17. ఆ బిడ్డ 50 గ్రాముల పొట్లములు రెండు తినినచో 25 గ్రాములు చెల్లినవి. రెండు చెంచాల పంచదార వేసిన చాయ ఒక లోటా త్రాగినచో 33. ప్రొద్దెక్కకమునుపే ఆనాటి పద్దు మూయవలసి వచ్చినది. ఆకలి చచ్చిన బిడ్డ మధ్యాహ్నమున ముద్దను త్రోసివేయును. ఇదియే అసలు నష్టము.

మన పొలములలో పండునవి చూడుడు. 100 గ్రాముల రాగులలో సున్నము సుమారు 350 మిల్లీగ్రాములు. బియ్యములో 10 మాత్రమే. వేరుసెనగ గింజలు 100 గ్రాములలో మాంసకృత్తులు 25 గ్రాములు, బిస్కత్తులోకంటె మూడు రెట్లకు పైగా. వానిలోను నూనె యధికమే, పిడికెడు చాలును. బెల్లము సంగతియు దాచను. అదియు చక్కెర లెక్కలోనే చేరును, మితము దానికిని వర్తించును. మన పొరుగు కన్నడ దేశపు కనకదాసు ‘రామధాన్య చరిత్రె’లో వరికిని రాగికిని వాదము పెట్టెను. శ్రీరాముడు రెంటిని ఆఱు నెలలు చెఱలో నుంచగా, చెడక నిలిచిన రాగికే గెలుపు దక్కెను. 2023 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వ పాఠశాలలలో రాగిజావ మొదలిడినప్పుడు ఆ పాతతీర్పే మరల అమలైనట్లు నాకు తోచినది.

ప్రతివాది పక్షమునుగూడ వినవలెను. బిస్కత్తు విషము కాదు. వండనక్కఱలేదు, చెడదు, ఐదు రూపాయలకు దొరకును. 2020లో లాక్‌డౌన్ కాలమున కాలినడకను ఇండ్లకు మరలిన కూలీలకు ఎందఱికో అదియే ఆధారమైనది. తెల్లవాఱకమునుపే కూలికి పోవు తల్లి పొయ్యి వెలిగించుటకు తీరికలేక ఐదు రూపాయలు బిడ్డ చేతిలో పెట్టిన, ఆమెను నిందించు అర్హత మనకు లేదు. అతిథిగా వచ్చినదానిని యజమానురాలిని చేయవద్దనుటయే నా విన్నపము.

ఇందు గ్రంథాలయమునకేమి పని యందురా? చెప్పెదను. ఆ కాగితముపై అక్షరములు చీమతలలంత. భాష తఱచు ఆంగ్లము. కొను తల్లికి అది మూసిన పుస్తకము. చదువ లేనివారికి చదివి వినిపించుట గ్రంథాలయ ధర్మములలో నొకటి. కావున కార్యవర్గమునకు మూడు మనవులు. మాసమున కొక ఆదివారము పొట్లములపైని వ్రాతను తెలుగున, కన్నడమునను చదివి చెప్పింపుడు. ఒక్కొక్క పొట్లము బరువు వేఱు గనుక, ‘100 గ్రాములకు’ అను వరుసనే పోల్చి చూచుట పిల్లలకు నేర్పింపుడు. అది మంచి లెక్కల పాఠము. మూడవది, మన బాలల సభలలో పంచు బిస్కత్తులు మాని, ఉడికిన వేరుసెనగకాయలో, మజ్జిగ కలిపిన రాగిజావయో పెట్టుడు. ఖర్చు పెరుగునేమో లెక్క తీయుట నా పూచీ.

ఇరువదియైదేండ్లుగా ఈ గ్రంథాలయము మనకు పెద్ద పుస్తకములను చదువ నేర్పినది. ఇకమీదట ఈ చిన్న కాగితమునుగూడ చదివించుగాక యని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.