హక్కు వేరు, దొరతనం వేరు

(పూర్వ విద్యార్థుల స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఇవాళ మన ఇళ్లల్లో, ఊళ్లల్లో తరచుగా వినిపిస్తున్న ఒక మాట గురించి మాట్లాడుతాను. “నాకు రావాల్సిందే” అనే మాట. హక్కు అడిగేవాళ్లూ ఇదే అంటారు, హక్కు లేనిది ఆశించేవాళ్లూ ఇదే అంటారు. ఈ రెండింటికీ తేడా ఎట్లా తెలుస్తుంది?

మన ప్రాంతానికి ఈ ప్రశ్న కొత్త కాదు. 1978 సెప్టెంబర్ 7న జగిత్యాలలో వేలాది మంది రైతులు, కూలీలు జైత్రయాత్ర జరిపారు. వెట్టి పోవాలన్నారు, కూలి పెంచాలన్నారు. మరుసటి నెలలోనే ప్రభుత్వం సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించింది. అప్పటికి మా ఈడు వాళ్లం పలక బలపం పట్టుకున్న పిల్లలం.

ఆ రోజుల్లో దొర “వెట్టి నాకు రావాల్సిందే” అన్నాడు. కూలి మనిషి “చేసిన పనికి కూలి నాకు రావాల్సిందే” అన్నాడు. మాట ఒకటే. కానీ కూలి మనిషి అడిగింది అతని పక్కవాడికి కూడా ఇవ్వొచ్చు. దొర అడిగింది ఇంకొకరు వంగితేనే దొరుకుతుంది. నాకు తెలిసిన పరీక్ష ఇదే: నేను అడిగేదే నా పక్కవాడు అడిగితే ఒప్పుకుంటానా? ఒప్పుకుంటే అది హక్కు. ఒప్పుకోకపోతే దొరతనం.

నేను కరెంటు ఇంజనీర్ని కాబట్టి నా పని నుంచి ఒక ఉదాహరణ చెప్తాను. మన దగ్గర 1970 నుంచీ సిరిసిల్ల సహకార విద్యుత్ సంఘం, అంటే మన ‘సెస్’, నడుస్తున్నది. అందులో కరెంటు వాడుకునేవాళ్లే సభ్యులు. అయినా గంటల లెక్కన కరెంటు వచ్చే రోజుల్లో ఏం జరిగింది? నా పొలానికే ముందు నీళ్లు పారాలని ఎవరికి వారు బాయి మోటర్‌కు ఆటో స్టార్టర్ పెట్టుకున్నారు. నేరుగా స్టార్టయ్యే మోటర్ మొదటి క్షణాల్లో మామూలు కన్నా ఐదారు రెట్ల కరెంటు గుంజుతుంది. ఒక ట్రాన్స్‌ఫార్మర్ మీది మోటర్లన్నీ ఒక్కసారే లేస్తే వోల్టేజి పడిపోతుంది, వైండింగులు కాలుతాయి, చివరకు ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. ఇక ఎవరి పొలానికీ నీళ్లుండవు. 2018 జనవరి 1 నుంచి 24 గంటల కరెంటు ఇచ్చినప్పుడు కూడా ఆటో స్టార్టర్లు తీసెయ్యండని రైతులను బతిమాలాల్సి వచ్చింది. కరెంటు అందరి హక్కే. వంతు లేకుండా నాకే ముందు అన్నప్పుడే అది కాలిపోయింది.

ఇంట్లో కూడా ఇదే జరుగుతున్నది. మన మండలాల నుంచి ఎందరో దుబాయి, మస్కట్, సౌదీ పోయి ఎండలో పనిచేసి పైసలు పంపారు. ఇక్కడున్న కొడుకుకు అది తండ్రి చెమట అని తెలియదు, నెలనెలా వచ్చే జీతం అనిపిస్తుంది. బండి కొనివ్వకపోతే అన్నం మానేస్తాడు. మోకాళ్లు అరిగి తండ్రి ఇంటికొస్తే “నాకేం సంపాదించి పెట్టినవు?” అని అడుగుతాడు. తప్పు ఒక్క పిల్లలదే కాదు. దూరంలో ఉన్న బాధతో అడిగిందల్లా ఇచ్చి, అది ఎట్లా వచ్చిందో మనం చెప్పలేదు.

ఇంకొకటి చెప్తే ఈ సభలో కొందరికి ఇబ్బందిగా ఉండొచ్చు. అప్పటికి పెళ్లి కాని ఆడపిల్లకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా మన రాష్ట్రంలో 1985లోనే వచ్చింది. 2005లో కేంద్ర చట్టం దేశంలోని హిందూ కుటుంబాల కూతుళ్లందరికీ, పెళ్లయినవాళ్లకు కూడా, ఆ హక్కు ఇచ్చింది. అయినా తండ్రి పోయాక పౌతి కాగితాల మీద సంతకం కోసమే చెల్లెను పిలుస్తున్నాం. చెల్లె వాటా అడిగితే ఆశపోతు అంటున్నాం. అన్న మొత్తం తీసుకుంటే అది ఆనవాయితీ అంటున్నాం. పుట్టింటి గడప మూసుకుపోతుందని భయపడి చెల్లె సంతకం పెడుతుంది. ఇందాక చెప్పిన పరీక్ష ఇక్కడ పెట్టి చూడండి. అడిగేది చెల్లె, దొరతనం అన్నది.

మనల్ని నిలబెట్టినవాళ్లు ఇట్లా లెక్క చూసుకోలేదు. ఈ బడిలో సార్లు పదో తరగతి పిల్లలకు పొద్దుగూకేదాకా కూర్చొని లెక్కలు చెప్పారు. దానికి ఎవరూ వేరే పైసలు ఇవ్వలేదు. అది మనకు రావాల్సింది కాదు, వాళ్లు ఇచ్చింది. అందుకే ఇవాళ మనం వాళ్ల కాళ్లకు దండం పెడుతున్నాం.

మిత్రులారా, మీలో ఎవరింట్లోనైనా పౌతి కాగితాలు మిగిలి ఉంటే ఒక్క పని చేయండి. సంతకం అడిగే ముందు చెల్లెను కూర్చోబెట్టి “ఇది నీ వాటా అమ్మా, ఏం చేద్దామో నువ్వే చెప్పు” అనండి. తీసుకుంటుందో వదులుకుంటుందో ఆమె ఇష్టం. తీసుకున్నా పండుగకు ఎప్పటిలాగే పిలవండి.