అత్త మీద కోపం ఫోన్ మీద
(వార్షిక సభలో మా సంక్షేమ బృందం తరఫున చేసిన ప్రసంగం)



వారానికి ఒక్క శుక్రవారమే సెలవు. అందులో సగం బట్టలకూ వంటకూ పోతుంది. అయినా ఇంతమంది వచ్చారు, సంతోషం. ఈసారి అకామా, టికెట్ల సంగతి పక్కనపెట్టి మనసు సంగతి ఒకటి మాట్లాడదామనుకున్నాం.

ముందు మా రూము ముచ్చట. ఎనిమిది మందిమి ఉంటాం. పోయిన ఎండాకాలం మాలో ఒక తమ్ముణ్ణి సైటులో ఫోర్‌మన్ అందరి ముందూ తిట్టి, ఒకరోజు జీతం కట్ చేశాడు. తమ్ముడు నోరెత్తలేదు. రాత్రి ఇంటికి ఫోన్ చేస్తే భార్య పాప బడి ఫీజు మాట ఎత్తింది. అంతే. "నేనేమన్న ఇక్కడ పైసల చెట్టు పెట్టుకున్ననా?" అని అరిచి ఫోన్ పెట్టేశాడు. అట్లా నెల రోజులు నడిచింది. తర్వాత వీడియో కాల్ చేస్తే ఆరేళ్ల బిడ్డ ఫోన్ దగ్గరికే రాలేదు. "నాన్న తిడతడు" అని తలుపు వెనక దాక్కుందట. ఆ రాత్రి తమ్ముడు అన్నం ముట్టలేదు. మాకూ ముద్ద దిగలేదు. ఆ పని ఎప్పుడూ చేయనివాడు మాలో లేడు మరి.

దీనికి మనస్తత్వ శాస్త్రంలో డిస్‌ప్లేస్‌మెంట్ అని పేరుంది. తెలుగులో విస్థాపనం అంటారు. ఇది సైకోడైనమిక్ పద్ధతికి చెందిన మాట. కోరిక, భయం, సిగ్గు మనసులో ఒకదాన్నొకటి తోసుకుంటాయని, అందులో చాలా భాగం మనకే తెలియకుండా జరుగుతుందని ఆ పద్ధతి చెబుతుంది. దానికి మూలం వియన్నా డాక్టరు సిగ్మండ్ ఫ్రాయిడ్. గుర్రాలంటే భయపడే ఐదేళ్ల పిల్లవాడి గురించి ఆయన 1909లో రాశాడు. పిల్లవాడి అసలు భయం తండ్రి అని, అది గుర్రం మీదికి మారిందని అన్నాడు. ఆ వివరణ ఒప్పుకోనివాళ్లూ ఉన్నారు. మనసు తనను కాపాడుకోవడానికి చేసే ఇలాంటి ఉపాయాలను ఆయన కూతురు అన్నా ఫ్రాయిడ్ 1936లో ఒక పుస్తకంగా రాసింది.

మన పెద్దవాళ్లు ఇదే సంగతిని అత్త మీద కోపం దుత్త మీద అన్నారు. అత్తను ఏమీ అనలేని కోడలు కుండ పగలగొడుతుంది. కుండ తిరిగి ఏమీ అనదు కదా. మన సంగతీ అంతే. ఫోర్‌మన్ చేతిలో మన ఉద్యోగం ఉంది, మేడమ్ చేతిలో ఇళ్లలో పనిచేసే అక్కల వీసా ఉంది. వాళ్లను అంటే ప్రమాదం. ఇంటివాళ్లను ఏమన్నా మనల్ని వదిలిపోరని మనసుకు ధీమా. అందుకే మనకు బాగా కావలసినవాళ్లకే దెబ్బ తగులుతుంది.

ఈ మాట తెలిస్తే లాభమేమిటి? "నాది విస్థాపనం" అని తప్పించుకోవడానికి కాదు. కోపం రావడం తప్పు కాదు, చాలాసార్లు అది న్యాయమైనదే. అది చేరిన చోటే తప్పు. కాబట్టి ఇంటికి ఫోన్ చేసే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి: ఈ కోపం ఎవరి మీద? జవాబు దొరికితే ముందు రూములో ఎవరితోనైనా చెప్పుకోండి. తర్వాత ఇంట్లోనూ "ఈరోజు పనిలో ఇట్లా జరిగింది" అని చెప్పండి. మా తమ్ముడు అదే చేశాడు. జీతం కట్ అయిన సంగతి భార్యకు అప్పటిదాకా తెలియనే తెలియదు. బిడ్డ మాత్రం వెంటనే రాలేదు. మూడు వారాలు పట్టింది.

ఇంకో మాట. కోపానికి కారణం జీతం ఆపడమైతే, దాన్ని కార్మిక శాఖ ఫిర్యాదులోనో, మన ఎంబసీకో, మదద్ పోర్టల్‌లోనో చెప్పండి. కాగితాల పని తెలియకపోతే మమ్మల్ని అడగండి, దగ్గరుండి రాసిపెడతాం. నిద్ర పట్టకపోయినా, బతకాలని లేదనిపించినా దాచుకోవద్దు. పక్కవాళ్లకు చెప్పండి, డాక్టరు దగ్గరికి మేము తోడు వస్తాం.

ఈ సాయంత్రం అందరూ ఇళ్లకు ఫోన్ చేస్తారు. ముందు పిల్లలతో మాట్లాడండి.

సెలవు.