టైట్ ఎండ్ నుంచి కె.ఎస్. భరత్ దాకా: స్కోర్‌కార్డు లెక్కపెట్టని సగం

జూబ్లీ హిల్స్‌లోని మన చిన్న స్టూడియో నుంచి ఇంకో ఎపిసోడ్. ఈరోజు మన వైజాగ్ కుర్రాడు కె.ఎస్. భరత్ గురించి మాట్లాడుకుందాం. కానీ దానికి ముందు అమెరికా కాలేజ్ ఫుట్‌బాల్‌కి ఒకసారి వెళ్లి రావాలి. ఎందుకో మీకే అర్థమవుతుంది, రెండు నిమిషాలు ఓపిక పట్టండి.

ఇది మెస్సీ ఆడే ఫుట్‌బాల్ కాదు. కోలగా ఉండే బంతి, తలకి హెల్మెట్, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే ఆట. టీమ్‌కి 11 మంది. క్వార్టర్‌బ్యాక్ బంతి విసురుతాడు, రిసీవర్లు పట్టుకుంటారు. ముందు లైన్‌లో నిలబడ్డ భారీ మనుషులు ఎదుటివాళ్లని అడ్డుకుంటారు, దాన్ని బ్లాకింగ్ అంటారు. ఆ లైన్ చివర్లో నిలబడేవాడే టైట్ ఎండ్. ఇతనికి రెండు డ్యూటీలు. ఒకసారి గోడలా నిలబడి అడ్డుకోవాలి, ఇంకోసారి లైన్ వదిలి పరిగెత్తి బంతి పట్టుకోవాలి.

ఇప్పుడు బ్రాక్ బవర్స్ అనే ఆటగాడి లెక్క చూడండి. జార్జియా యూనివర్సిటీ టీమ్‌కి మూడు సీజన్లు ఆడాడు. 2021లో 56 క్యాచ్‌లు, 882 గజాలు, 13 టచ్‌డౌన్లు. 2022లో 63 క్యాచ్‌లు, 942 గజాలు, 7 టచ్‌డౌన్లు. 2023లో 56 క్యాచ్‌లు, 714 గజాలు, 6 టచ్‌డౌన్లు. మొత్తం 175 క్యాచ్‌లు, 2,538 గజాలు.

ఫోన్‌లో ఈ టేబుల్ చూస్తే ఏమనిపిస్తుంది? 2023లో డౌన్ అయిపోయాడు అనిపిస్తుంది కదా? కానీ ఆ సీజన్‌లో చీలమండకి సర్జరీ అయింది, ఆడింది 10 మ్యాచ్‌లే. ముందు ఏడాది 15 ఆడాడు. భాగించి చూడండి. 2022లో మ్యాచ్‌కి దాదాపు 63 గజాలు, 2023లో 71. అంటే తగ్గలేదు, పెరిగింది! దేశంలో బెస్ట్ టైట్ ఎండ్‌కి ఇచ్చే మాకీ అవార్డు 2022తో పాటు 2023లోనూ అతనికే ఇచ్చారు.

ఇంకో విషయం. ఈ టేబుల్‌లో క్యాచ్‌లున్నాయి, గజాలున్నాయి, టచ్‌డౌన్లున్నాయి. బ్లాకింగ్ ఎక్కడుంది? లేదు. అతను ఒకణ్ణి ఆపడం వల్ల ఇంకొకడు 20 గజాలు పరిగెత్తితే, ఆ 20 గజాలు పరిగెత్తినవాడి పేరు మీదే పడతాయి. ఇద్దరి పని చేసే మనిషికి ఒక పనికే లెక్క.

సరే, ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. క్రికెట్‌లో ఇలా రెండు డ్యూటీలు చేసేవాడెవరు? వికెట్ కీపర్. రోజుకి 90 ఓవర్లు, అంటే 540 బంతులకి వంగి లేవాలి. తర్వాత ప్యాడ్లు కట్టుకుని బ్యాటింగ్‌కీ రావాలి.

కోన శ్రీకర్ భరత్. ఆంధ్ర టీమ్ కీపర్. 2015లో గోవా మీద 308 కొట్టాడు. రంజీ ట్రోఫీ చరిత్రలో ట్రిపుల్ సెంచరీ కొట్టిన మొదటి వికెట్ కీపర్ మనవాడే. టెస్టుల్లోకి వచ్చేసరికి 7 మ్యాచ్‌లు, 221 రన్స్, యావరేజ్ 20.09. చాలామంది ఈ ఒక్క నంబర్ చూసి 'ఫ్లాప్' అని స్క్రోల్ చేసేశారు.

ఆ నంబర్‌లో లేని ఒక రోజు చెబుతాను. 2021 నవంబర్, కాన్పూర్ టెస్ట్, న్యూజిలాండ్ మీద. మూడో రోజు సాహాకి మెడ పట్టేసింది. భరత్ ఫైనల్ 11లో లేడు, సబ్‌స్టిట్యూట్‌గా వచ్చి గ్లవ్స్ వేసుకున్నాడు. న్యూజిలాండ్ ఓపెనర్లు వికెట్ పడకుండా 151 దాకా లాగేశారు. అశ్విన్ బంతి విల్ యంగ్ బ్యాట్‌ని తాకి కిందగా వచ్చింది, భరత్ పట్టేశాడు. అంపైర్ ఔట్ ఇవ్వలేదు. భరత్ గట్టిగా చెప్పడంతో కెప్టెన్ రహానే రివ్యూ తీసుకున్నాడు. ఔట్! తర్వాత అక్షర్ బౌలింగ్‌లో రాస్ టేలర్ క్యాచ్. ఆ తర్వాత 95 మీదున్న టామ్ లేథమ్ స్టంపింగ్. స్పిన్ తిరిగే పిచ్ మీద ఒకే రోజు ముగ్గురు.

మరి భరత్ టెస్ట్ కెరీర్ లెక్కలో ఇవి ఎన్ని? సున్నా. సబ్‌స్టిట్యూట్‌గా పట్టినవి కెరీర్ రికార్డులో కలపరు. స్కోర్‌కార్డులో 'సబ్' అని పక్కన పేరు ఉంటుంది, అంతే. రూల్ తప్పని నేను అనను, ఆ మ్యాచ్‌లో అతను ప్లేయర్ కాదు కదా. కానీ వికెట్లు పడ్డాయి, అదీ నిజమే.

అసలు డెబ్యూ 2023 ఫిబ్రవరిలో, నాగ్‌పూర్‌లో, ఆస్ట్రేలియా మీద. పంత్‌కి కారు యాక్సిడెంట్ అవడంతో ప్లేస్ ఖాళీ అయింది. ఆ సిరీస్‌లో మొదటి మూడు టెస్టులూ మూడేసి రోజుల్లో అయిపోయాయి. అంటే పిచ్‌లు ఎలా ఉన్నాయో ఊహించుకోండి. నాగ్‌పూర్ మొదటి ఇన్నింగ్స్‌లో 49 మీదున్న లబుషేన్‌ని జడేజా బౌలింగ్‌లో స్టంప్ చేసింది భరతే. 2024 జనవరిలో మన ఉప్పల్‌లో ఇంగ్లండ్ మీద 41, 28 కొట్టాడు. తర్వాత సొంత ఊరు వైజాగ్‌లో 17, 6. రాజ్‌కోట్ టెస్ట్‌కి ధ్రువ్ జురెల్ వచ్చేశాడు.

ఇక్కడ నేను భరత్‌కి వకీలుగా మాట్లాడటం లేదు. 20 యావరేజ్ తక్కువే. గిల్‌క్రిస్ట్ 47తో ఆడాడు, ధోనీ 38తో ఆడాడు. వాళ్ల తర్వాత కీపర్ బ్యాటింగ్ కూడా చేయాల్సిందే, సెలెక్టర్లు అడగడంలో తప్పులేదు. నేననేది ఒక్కటే. 20.09 అనేది అతని బ్యాటింగ్ నంబర్, అదీ 12 ఇన్నింగ్స్‌ల నంబర్. అతని మొత్తం పనికి నంబర్ కాదు.

ఇది క్రికెట్‌తో ఆగే ముచ్చట కాదు. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నప్పుడు మా టీమ్‌లో ఒక సీనియర్ అన్న ఉండేవారు. మా కోడ్ రివ్యూ చేసేవారు, అర్ధరాత్రి ప్రొడక్షన్ పడిపోతే లేచి లేపేవారు, కొత్తవాళ్లకి కూర్చోబెట్టి నేర్పేవారు. అప్రైజల్‌లో మాత్రం ఎన్ని టికెట్లు క్లోజ్ చేశారన్నదే లెక్క. ఆయనకి ఎప్పుడూ యావరేజ్ రేటింగే. ఆయన మానేసి వెళ్లిపోయాక రెండు నెలలు మాకు నిద్రల్లేవు. ఈ ఫిల్మ్ నగర్ సంగతీ అంతే. శుక్రవారం కలెక్షన్ హీరో పేరు మీద పడుతుంది. ఆ సీన్‌ని నిలబెట్టిన ఎడిటర్‌కి, హీరో బదులు దూకిన డూప్‌కి ఏ కాలమ్ ఉంది చెప్పండి?

అందుకే ఎవరి నంబర్ మీ ఫోన్‌లో కనిపించినా మూడు ప్రశ్నలు వేసుకోండి. ఒకటి, ఈ నంబర్ ఏ పనిని లెక్కపెడుతోంది, దేన్ని వదిలేస్తోంది? రెండు, ఎన్ని మ్యాచ్‌లది? మూడు, ఎలాంటి పిచ్ మీద? ఈ మూడూ అడిగాక కూడా 'ఫ్లాప్' అనిపిస్తే అనండి. అది మీ అభిప్రాయం, మీరు ఆలోచించి చెప్పిన మాట.

మీ కాలేజీలోనో ఆఫీసులోనో లెక్కలోకి రాని పని చేసేవాళ్లు ఎవరైనా ఉంటే, ఈ వీడియో వాళ్లకి పంపండి. లేదా నేరుగా ఫోన్ చేసి ఒక థ్యాంక్స్ చెప్పండి, అది ఇంకా బెటర్. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను!