పూర్వకాలపు గిటారు: తంత్రులును నాదభేదమును



కొంతకాలము క్రిందట నొక గిటారు కృతిని ఇరువురు విద్వాంసులు వాయించిన రికార్డులలో వింటిని. స్పెయిన్ దేశీయుడగు గాస్పర్ శాంజ్ 1674లో సరగోసా నగరమున ప్రకటించిన గ్రంథములోని దది. మొదటివాని వాద్యమున స్వరములు సోపానముల నెక్కినట్లు నడచెను. రెండవవాని వాద్యమున నడుమ నడుమ మంద్రధ్వని పైకివచ్చి ఆ నడకను చెఱచుచుండెను. రెండవవాడు తప్పినాడని తీర్పు చెప్పితిని. బాలుర తప్పులు దిద్ది దిద్ది కలిగిన యలవాటది! తప్పినది నేనేయని పిదప తెలిసినది.

ఇప్పటి గిటారునకు ఆరు ఒంటి తంత్రులు. 17వ శతాబ్దపు గిటారునకు ఐదు జతలు. మొదటిది మాత్రము తఱచుగా ఒంటి తంత్రియే. అవి గొఱ్ఱెప్రేగుతో పేనినవి. మూడవ జతను షడ్జముగా భావింతము. అపుడు రెండవది అంతరగాంధారము, మొదటిది చతుశ్శ్రుతి ధైవతము, నాల్గవది పంచమము, ఐదవది చతుశ్శ్రుతి రిషభము. కూర్చి చూచినచో మన మోహనరాగ స్వరములే!

అన్నియు సన్నని తంత్రులే యైనచో ఈ యైదును ఒకే స్థాయిలో నుండును. స, రి, గ, ప, ద యని యెక్కవలెనన్న వరుసగా 3, 5, 2, 4, 1 జతలను మీటవలెను. ఒక్కొక్క స్వరము వేర్వేఱు తంత్రులపై పుట్టుటచే, ముందు మీటినది మ్రోగుచుండగనే తరువాతిది వచ్చి దానితో కలియును. ఈ మ్రోతను స్పెయిన్ వారు కాంపనెలాస్, అనగా చిఱుగంటలు, అందురు.

నాల్గవ, ఐదవ జతలలో ఒక్కొక్క లావుతంత్రిని చేర్చినచో, ప, రి స్వరములతో వాని మంద్రములును పలుకును. అపుడు చిఱుగంటల సొగసు తగ్గును. అయినను జతలన్నిటిని ఒక్క పెట్టున మీటి పాటకు తోడు వాయించునపుడు ఆ మంద్రమే నాదమునకు పునాది. రోమునందలి యాచార్యులు సన్నతంత్రులనే కట్టుదురనియు, స్పెయిన్‌లో లావుతంత్రులును వాడుదురనియు శాంజ్ వ్రాసెను. రెండును మంచివేయనియు, సుకుమారముగా మీటుటకు మొదటి పద్ధతియు, గట్టి నాదమునకును తోడు వాయించుటకును రెండవదియు తగుననియు నాతని మతము. ఫ్రాన్సున రాబేర్ ద విజే 1682 నాటి గ్రంథమున నాల్గవ జతకు లావుతంత్రి యొకటి యవశ్యమనెను.

ఇక చిక్కెక్కడ? ఆ గ్రంథముల లిపి ఏ జతపై ఏ మెట్టున వ్రేలుంచవలెనో చెప్పును గాని, ఆ తంత్రి సన్నమో లావో చెప్పదు. కావున ఒకే పుటనుండి రెండు గానములు పుట్టును. దానిని ఇప్పటి గిటారుకై స్వరలిపిలోనికి మార్చువాడు ఐదవ జతను మంద్రమనియే యెంచినచో, చిఱుగంటలు మూగవోవును; రచయిత యూహింపని దూకుళ్లు మిగులును.

నేను తప్పుపట్టిన విద్వాంసుని వ్రేలు ఎచ్చటను తొట్రుపడలేదు. ఆయన తంత్రులు వేఱు, అంతియే. అక్షరము నెఱిగినంతమాత్రమున అర్థము నెఱిగితిమని తలపరాదని శిష్యులకు పలుమాఱు చెప్పినవాడను. ఆ పాఠము నాకును కావలసివచ్చెను. పాతపుటను తెఱచినపుడు తంత్రులను గూడ విచారింపుడని మనవి చేయుచు సెలవు గైకొనుచున్నాను.