తప్పు చేతిది కాదు, పద్ధతిది

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డిసెంబర్ 17 మనకు పండుగ రోజు. 1982లో ఇదే తేదీన సుప్రీంకోర్టు నకారా కేసులో పెన్షన్ దయాధర్మం కాదని, హక్కని తీర్పు చెప్పింది. ఇలాంటి రోజున డి.ఎ. బకాయిల గురించి కాకుండా గణితం గురించి మాట్లాడతానంటే కార్యదర్శిగారు కొంచెం కంగారుపడ్డారు. "పావుగంటలో ముగించండి" అన్నారు. ముగిస్తాను. అయితే ఈ గణితంలో ఒక ఉద్యోగి సర్వీసు రిజిస్టరు కూడా ఉంది. అందుకే ఈ సభలోనే చెప్పాలనుకున్నాను.

వేడి ఎప్పుడూ ఎక్కువ ఉన్నచోటినుంచి తక్కువ ఉన్నచోటికి పోతుంది. అది ఎలా పోతుందో చెప్పే సమీకరణాన్ని ఫ్రాన్సు దేశస్థుడు జోసెఫ్ ఫోరియర్ 1807లో పండితుల ముందుంచి, 1822లో పుస్తకంగా వెలువరించాడు. ఇలాంటివాటిని గణితంలో పరావలయ సమీకరణాలంటారు. పేరు విని భయపడనక్కర లేదు. సారాంశం ఇంతే: ఒకచోటి వేడి ఇరుగుపొరుగుల సగటుకన్నా ఎక్కువగా ఉంటే తగ్గుతుంది, తక్కువగా ఉంటే పెరుగుతుంది. నీళ్ళలో సిరాచుక్క వ్యాపించేదీ ఈ సూత్రం ప్రకారమే.

ఇక నా కథ. 1973లో నేనొక కార్యాలయంలో డిజైను విభాగంలో చిన్న అధికారిని. 3 మీటర్ల మందమున్న కాంక్రీటు గోడ ఎలా చల్లారుతుందో లెక్క కట్టమన్నారు. గోడ లోపలంతా 40 డిగ్రీలు. రెండు ముఖాలూ 25 డిగ్రీల దగ్గర ఉంటాయి. కంప్యూటరు లేదు. ఉన్నది చేత్తో తిప్పే ఫేసిట్ యంత్రం, దానిముందు కూర్చున్న కొత్తగా ఉద్యోగంలో చేరిన ఒక అమ్మాయి.

గోడ మందంలో అర మీటరుకొక గుర్తు పెట్టుకున్నాం. పాత ఫైలులో ఉన్న సూత్రం ప్రకారం, ఒక గుర్తు దగ్గర రేపటి ఉష్ణోగ్రత కావాలంటే దాని ఇరుపక్కల గుర్తుల ఇవాళ్టి ఉష్ణోగ్రతలను కూడి 0.4తో గుణించాలి. దాని సొంత ఉష్ణోగ్రతను 0.2తో గుణించి కలపాలి. ముఖానికి దగ్గరి గుర్తు తీసుకుందాం. ఒకపక్క 25, మరోపక్క 40. కూడితే 65, దాన్ని 0.4తో గుణిస్తే 26. సొంతం 40ని 0.2తో గుణిస్తే 8. మొత్తం 34 డిగ్రీలు. రెండో రోజుకు 32.8. గోడ బుద్ధిగా చల్లారుతోంది.

పైవాళ్ళు ఇంకా సూక్ష్మంగా కావాలన్నారు. నేను గుర్తులను పావు మీటరుకొకటి చేశాను. కాలపు అడుగును మాత్రం రోజుకొకటిగానే ఉంచాను. సూత్రంలో వేస్తే గుణకాలు మారి 0.4 స్థానంలో 1.6, 0.2 స్థానంలో మైనస్ 2.2 వచ్చాయి. ఆ మైనస్ చూసి ఆగవలసినవాణ్ణి. ఆగలేదు. కాగితం ఆ అమ్మాయికిచ్చి వెళ్ళిపోయాను.

సాయంత్రం ఆమె భయపడుతూ వచ్చింది. "సార్, మొదటి రోజు 16, రెండో రోజు 68.8, మూడో రోజు మైనస్ 108.8 వస్తోంది సార్" అంది. మంచుగడ్డ కూడా ఎరగని చలి, మన కాంక్రీటు గోడలో! "కళ్ళు పెట్టి చూసి వెయ్యమ్మా" అన్నాను. మర్నాడు మళ్ళీ వేసింది. అవే అంకెలు. మూడోసారీ అవే. నాకు కోపం వచ్చింది. అజాగ్రత్త అని రాసి మెమో ఇప్పించాను. ఆమె ప్రొబేషన్ డిక్లేర్ కావడం ఆరు నెలలు వెనకబడింది. వెనక చేరినవాళ్ళు సీనియారిటీలో ముందుకు పోయారు. ఇది ఎక్కడిదాకా పోతుందో మీకు విడమరచి చెప్పనక్కర లేదు. ప్రమోషన్, చివరి జీతం, పెన్షన్ అన్నీ ఆ గొలుసులోవే.

కొన్ని నెలల తరవాత గ్రంథాలయంలో ఒక పుస్తకం తిరగేస్తుంటే అసలు సంగతి తెలిసింది. గుణకాలు మూడూ ధనాత్మకంగా ఉంటే రేపటి ఉష్ణోగ్రత ఇవాళ్టి మూడు ఉష్ణోగ్రతల సగటు లాంటిది. వాటిలో పెద్దదాన్ని మించదు, చిన్నదానికి దిగువకు పోదు. మధ్య గుణకం మైనస్ అయిందంటే ఆ కాపుదల పోతుంది. గుర్తుల మధ్య దూరం సగం చేస్తే కాలపు అడుగు నాలుగోవంతు చెయ్యాలి. మా గోడకు పావు మీటరు గుర్తులతో అడుగు ఏడున్నర గంటలు దాటకూడదు. ఆరు గంటలకొక అడుగు వేసి ఉంటే మళ్ళీ ఆ మంచి 0.4, 0.2 గుణకాలే వచ్చేవి. గుర్తులు రెట్టింపు, అడుగులు నాలుగు రెట్లు, చాకిరీ ఎనిమిది రెట్లు. సూక్ష్మతకు వెల అది. ఆ వెల చెల్లించకుండా ఫలితం కావాలన్నవాణ్ణి నేను. శిక్ష పడింది ఆమెకు.

ఇలా పద్ధతిలోని దోషాన్ని గమనించకపోవడం నా ఒక్కడికే జరగలేదు. ఇంగ్లండులో లూయిస్ ఫ్రై రిచర్డ్‌సన్ 1910లో రాతి ఆనకట్టలోని ఒత్తిళ్ళను ఇలాగే అంకెలతో లెక్క కట్టాడు. గుణకారాలు చేసే కుర్రవాళ్ళకు ఇన్ని అంకెలకు ఇంత అని కూలి. తప్పు వేసినవాటికి కూలి లేదు. అదే వ్యాసంలో వేడి సమీకరణానికి ఆయన చూపిన పద్ధతి మాత్రం, కాలపు అడుగు ఎంత చిన్నది చేసినా చివరకు అదుపు తప్పేదేనని తరవాతివాళ్ళు తేల్చారు. అంతటి మేధావి పద్ధతిలోనే దోషం ఉండవచ్చు. కుర్రవాడి గుణకారం సరిగానే ఉండవచ్చు.

దీనికి మంచి పరిష్కారం చూపినవాళ్ళు జాన్ క్రాంక్, ఫిలిస్ నికల్సన్. రెండో ప్రపంచ యుద్ధకాలంలో మాంచెస్టర్‌లో డగ్లస్ హార్ట్రీ దగ్గర పనిచేసిన ఈ ఇద్దరూ 1947లో తమ పద్ధతిని ప్రకటించారు. రేపటి మార్పును ఇవాళ్టి ఉష్ణోగ్రతలతోనే కాకుండా, ఇవాళ్టివీ రేపటివీ సగటు చేసి కట్టాలన్నారు. రేపటివి ఇంకా తెలియవు కదా అంటారు. అందుకే అన్ని గుర్తులకూ సమీకరణాలు రాసుకుని ఒకేసారి సాధిస్తారు. ఒక్కొక్క సమీకరణంలో తానూ, ఇరుగూ, పొరుగూ తప్ప వేరే అజ్ఞాతరాశి ఉండదు. కనుక పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి వస్తే లెక్క తెగుతుంది. అడుగు మరీ పెద్దదైతే అంకెలు కొంచెం ఊగవచ్చు, కాని సర్దుకుంటాయి. మైనస్ 108 దాకా పారిపోవు. ఆ ఇద్దరిలో ఫిలిస్ నికల్సన్ ఒక మహిళ అని తెలిసిననాడు నాకు ఫేసిట్ ముందు కూర్చున్న ఆ అమ్మాయే కళ్ళముందు మెదిలింది.

సంగతి తెలిసిన రోజే మెమో రద్దు చెయ్యమని నోట్ రాయవలసినవాణ్ణి. అప్పటికి ఆమెకు వేరే ఊరు బదిలీ అయింది. నాకు నా ప్రమోషన్ దగ్గరపడుతోంది. రాయలేదు. ఇంతకంటే సాకు లేదు.

ఈమధ్య ఆవిడ ఫోన్ నంబరు సంపాదించి మాట్లాడాను. మొత్తం చెప్పి, క్షమించమని అడిగాను. ఆవిడ కొంతసేపు మాట్లాడలేదు. తరవాత, "ఆ మైనస్ 108.8 నాకింకా గుర్తుంది సార్. నాకు లెక్కలు రావేమోనని మా పిల్లలకు కూడా నేను లెక్కలు చెప్పలేదు" అన్నారు. ప్రమోషన్ సంగతి ఎత్తనే లేదు. పేరు చెప్పకుండా ఈ సభలో చెప్పుకోవడానికి అనుమతి ఇచ్చారు.

పిల్లలూ, మీ సెల్‌ఫోన్‌లో ఆ మూడు అంకెలూ వేసి చూడండి. 16, 68.8, మైనస్ 108.8. ఒక్క దశాంశం కూడా తేడా రాదు. ఆవిడ లెక్క సరైనది.

సోదరులారా, మన పెన్షన్ లెక్క తేడా వచ్చినప్పుడు బ్యాంకు కౌంటరు దగ్గరున్న కుర్రవాడి మీద కేకలు వేస్తాం. ముందు అతనికిచ్చిన సూత్రం ఏమిటో అడుగుదాం. ఇంకా సర్వీసులో ఉన్న మీ పిల్లలు ఎవరికైనా మెమో రాయబోతుంటే, ఆ లెక్క ఒకసారి తామే వేసి చూడమనండి. నేను వేసి ఉంటే పదినిమిషాల పని.