బ్యాటరీ పరీక్షా యంత్రములు - వేడి సమస్య



2011 డిసెంబరు 30వ తేదీన థానే తుఫాను కడలూరు, పుదుచ్చేరిల నడుమ తీరము దాటినది. 2024 నవంబరు 30వ తేదీ రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి చెంతనే తీరము దాటి, ఒక్క దినములో 40 సెంటీమీటర్లకు మించిన వాన కురిపించినది. అట్టి రాత్రులలో కరెంటు పోవును. టెలిఫోను ఎక్స్‌ఛేంజి గాని, ఆసుపత్రిలోని యంత్రము గాని అప్పుడు బ్యాటరీల మీదనే ఆధారపడును. అవి ఎన్ని గంటలు నిలుచునో ముందుగనే తెలియవలెను. ఆ సంగతిని తెలుపు పరీక్షా యంత్రమును గూర్చియు, అది పుట్టించు వేడిని గూర్చియు నేటి ప్రసంగము.

మీటరు పెట్టి వోల్టులు చూచినంత మాత్రమున బ్యాటరీ సత్తువ తెలియదు. కుండను తట్టి చూచినచో పగులున్నదో లేదో తెలియునే గాని, ఎన్ని కడవల నీరు పట్టునో తెలియదు గదా! నీరు పోసి చూడవలసినదే. అటులనే బ్యాటరీ నుండి నిర్ణీతమైన కరెంటును గంటల తరబడి లాగి చూడవలెను. అటుల లాగిన శక్తి ఎచ్చటికి పోవును? బల్బు వెలుగదు, మోటారు తిరుగదు. అంతయు వేడిగా మారును.

ఒక లెక్క చూడుడు. 48 వోల్టుల బ్యాటరీ, 200 ఆంపియర్-గంటల సామర్థ్యము. పది గంటల పరీక్షకు 20 ఆంపియర్లు లాగవలెను. అనగా సుమారు 960 వాట్లు. పది గంటలకు 9.6 యూనిట్లు. ఆ వేడితో 30 డిగ్రీల నీటిని దాదాపు 118 లీటర్ల వరకు మరుగునకు తేవచ్చును. పెండ్లి వంటశాలలో పెద్ద గంగాళము క్రింద మండు పొయ్యిని ఒక చిన్న యంత్రపు పెట్టెలో బిగించినట్లే!

కారు బ్యాటరీలను పరీక్షించు పాతకాలపు లోడు టెస్టరులో నిరోధపు తీగ ఎఱ్ఱగా కాగును. దానిని పది పదిహేను క్షణములు మాత్రమే నొక్కి, చల్లారనిచ్చి, మరల వాడుదురు. గంటల పరీక్షకు ఆ పద్ధతి పనికిరాదు. బ్యాటరీ వోల్టులు తగ్గుచున్నను కరెంటు మారకుండ నుండవలెను. ఆ పని ట్రాన్సిస్టరులు చేయును. వేడియు వాని నెత్తినే పడును.

ట్రాన్సిస్టరు లోపలి సిలికాను పలుక సాధారణముగా 150 డిగ్రీల వరకు ఓర్చుకొనును. వేడి ఆ పలుక నుండి లోహపు తొడుగునకు, తొడుగు నుండి రెక్కలున్న అల్యూమినియపు దిమ్మకు, దిమ్మ నుండి గాలికి పోవలెను. ప్రతి మజిలీలోను కొంత అడ్డగింపు కలదు. పలుక నుండి దిమ్మ వరకు వాట్టుకు 0.7 డిగ్రీలు, దిమ్మ నుండి గాలికి 0.5 డిగ్రీలు అనుకొనుడు. 12 వోల్టుల బ్యాటరీ నుండి 10 ఆంపియర్లు లాగినచో 120 వాట్లు. ఒక్క ట్రాన్సిస్టరే మోసినచో 144 డిగ్రీల పెరుగుదల. గది 30 డిగ్రీలైనను లోపల 174 డిగ్రీలు. అది బ్రతుకదు. అదే దిమ్మపై నాలుగింటికి సమముగా పంచినచో లోపలి వేడిమి 111 డిగ్రీలే. పుదుచ్చేరి మే నెలలో గది 40 డిగ్రీలైనను 121కి మించదు.

అయితే సమముగా పంచుటయే కష్టము. మాస్‌ఫెట్ అను జాతి ట్రాన్సిస్టరు సగము తెరచి పనిచేయునప్పుడు, కాగిన చోటనే మరింత కరెంటు ప్రవహించుట కలదు. కాగిన కొలది బరువు తానే లాగికొని, తుదకు మాడిపోవును. కావున ప్రతి దానికి వేరొక చిన్న నిరోధమును, వేరొక అదుపు వలయమును అమర్తురు. ఖర్చునకు వెనుదీసి ఈ ఏర్పాటును మానుకొనిన యంత్రములు ఎంత చవుకైనను కొనదగినవి కావు.

యంత్రము మాడినచో తెలిసిపోవును. మాడకుండ తప్పు చెప్పుటయే అంతకన్న ప్రమాదము. కరెంటును కొలుచు చిన్న నిరోధము వేడెక్కినచో కొలత మారును. రాగికి డిగ్రీకి 0.39 శాతము నిరోధము పెరుగును; కావున మాంగనిన్ అను మిశ్రలోహమును వాడుదురు. దానిని వేడి దిమ్మకు దూరముగ నుంచవలెను. బ్యాటరీ సంగతియు నంతే. వెచ్చనైన సీసపు బ్యాటరీ ఎక్కువ శక్తి నిచ్చినట్లు కనబడును. భారతీయ ప్రమాణము ప్రకారము ఫలితమును 27 డిగ్రీలకు సరిదిద్దవలెను. పరీక్షా యంత్రపు వేడిగాలి బ్యాటరీల మీదికే వీచుచుండగా తీసిన లెక్కలో ముసలి బ్యాటరీ పడుచుదై కనబడును. తుఫాను రాత్రి ఆ లెక్క బయటపడును.

వేడి యంత్రమును బ్యాటరీ గదిలో నుంచకుండుటకు మరియొక కారణము కలదు. ఛార్జి చేయునపుడు ఈ బ్యాటరీల నుండి హైడ్రోజను వెలువడును. గాలిలో అది 4 శాతమైనచో నిప్పు తగిలిన మండును. యంత్రము గది వెలుపల నుండి, గట్టి తీగెలతో కలుపబడుట క్షేమము.

పుదుచ్చేరిలో సముద్రపు గాలి వేరొక చిక్కు. పంకా లోనికి లాగు ఉప్పుతేమయు, దుమ్మును రెక్కల సందులలో పేరుకొని గాలిదారిని మూయును. మెత్తని కుంచెతో అప్పుడప్పుడు దులుపుట చిన్న పనియే; చేయువారు అరుదు.

వేడిగా పోవు శక్తిని తిరిగి కరెంటు లైనులోనికే పంపు యంత్రములును వచ్చినవి. వాని వలన గదిలో మిగులు వేడి మిక్కిలి తక్కువ. కాని వెల హెచ్చు. లైనులో కరెంటు లేనపుడు అవి పనిచేయవు.

ఒక జాగ్రత్త. పరీక్ష ముగిసిన బ్యాటరీ ఖాళీగా నుండును; నిండుటకు మరల చాల గంటలు పట్టును. అందుచే ఈశాన్య ఋతుపవనము రాకమునుపే, ఆగస్టు సెప్టెంబరు నెలలలో, రెండు వరుసలున్న చోట ముందొకదానిని పరీక్షించి, అది పూర్తిగా నిండిన తరువాతనే రెండవదానిని తాకవలెను.